వాలుగ పేరెవరిది?

తెనాలినుండి గుంటూరునకు బోవు దారిలో నందివెలుగు కలదు. ఇటీవల వానకారు ముగియుచున్న దినములలో మేమా గ్రామమునకు బోవుట తటస్థించెను. దారిప్రక్క నొక వృద్ధురాలు గంపలో చేపలు పెట్టుకొని యమ్ముచుండెను. అందొక పెద్దచేప యుండెను. దానికి పొలుసు లేదు, నోరు వెడల్పైనది, మీసములు మిక్కిలి పొడవైనవి. మాతో వచ్చిన చిన్నవాడు కళాశాలలో జంతుశాస్త్రము చదువుచున్నాడు. అతడా చేపను జూచినంతనే “వల్లాగో అట్టు” అని దాని శాస్త్రీయనామమును జెప్పి, యిది లాటినుమాట యని మాకు బోధించెను. ముదుసలి విని నవ్వి, “ఏంది బాబూ, వాలుగనే గదా నువ్వు నోరు తిప్పి చెబుతా ఉంది?” అనెను.

చిన్నవాడు తెల్లబోయెను. మేమును తెల్లబోయితిమి. ఇంటికి వచ్చి పుస్తకములు తిరుగవేయగా ముదుసలి మాటయే నిజమని తేలినది. 1851లో జావాద్వీపమున డచ్చివారి కొలువులోనున్న బ్లీకరను వైద్యుడు ఆ చేపజాతికి “వల్లాగో” యని పేరుపెట్టెను. ఆ మాట యతడు కల్పించినది కాదు. అంతకు సుమారు ఏబది యేండ్లకు పూర్వము లండనులో ముద్రితమైన యొక చేపల గ్రంథమునం దున్న తెనుగుమాటకే లాటినుతొడుగు తొడిగెను. ఆ తెనుగుమాట వాలుగ. నేడు ప్రపంచమందలి సమస్త విద్యాలయములలో నా చేపను ఆ పేరుతోనే పిలుచుచున్నారు. మన చిన్నవాడు మాత్రము దానిని పరభాషగా వల్లించుచున్నాడు. ఈ తప్పు చిన్నవానిది కాదు; వానికి చదువు చెప్పించిన మనది.

ప్రకృతిని పరిశీలించు విద్య మనకు ఇంగ్లీషుబడితో వచ్చినదని చదువుకొన్నవారిలో ననేకులు నమ్మియున్నారు. అంతకు పూర్వము మనవారు వేదాంతము చెప్పుకొనుచు, కన్నులు మూసికొని కూర్చుండిరని యొక తలంపు. దీనికి బదులుగా సమస్తశాస్త్రములును మన పురాణములలో ముందే యున్నవని కేకలువేయు వారును కలరు. ఈ రెండు మాటలును సత్యమునకు దూరములే. మన తీరపట్టణములలో రెండు మూడు శతాబ్దుల క్రిందట ప్రకృతిని శ్రద్ధతో చూచినవారు కలరు. వారు పండితులు కారు, ప్రభువులు కారు. వలలు లాగినవారు, పాములు పట్టినవారు, వస్త్రములకు రంగులద్దినవారు. వారి జ్ఞానము గ్రంథములకెక్కినది. వారి పేరు లెక్కలేదు. నేడు మేము పాఠకులకు విన్నవింపదలచినది ఈ విషయమే.

మేము చెప్పిన చేపల గ్రంథమును రచించినవాడు పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు. అతడు తొలుత తురుష్కసామ్రాజ్యములోని అలెప్పో పట్టణమున వైద్యుడుగా నుండెను. అతని సోదరుడు క్లాడ్ రస్సెల్ విశాఖపట్టణమున కుంఫిణీవారి యధికారిగా నియమితుడు కాగా, వెంట నితడును వచ్చెను. 1785లో కుంఫిణీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నుండిన కోనిగ్ అనునతడు మరణింపగా నా యుద్యోగము రస్సెలునకు లభించెను. 1789లో అతడు స్వదేశమునకు మరలిపోయెను. ఈ కొద్ది సంవత్సరములలో నతడు తెనుగుతీరమున సమకూర్చుకొన్న సామగ్రితో 1796లో పాములను గూర్చియు, 1803లో విశాఖపట్టణమున దొరకిన రెండువందల చేపలను గూర్చియు బొమ్మలతోడి గ్రంథములు వెలువడినవి.

ఆ చేపల గ్రంథమును తెఱచిచూచిన తెనుగువానికి ఒడలు పులకరించును. ఇంగ్లీషు అక్షరములలో, దొరగారి చెవికి వినబడిన రీతిగా, తెనుగు పేరులు వరుసగా నున్నవి. చందువలు, సొరలు, టెంకులు, మట్టలు కనబడుచున్నవి. ఈ పేరులు ఆకాశమునుండి ఊడిపడలేదు. తెల్లవారుజామున తెప్పలమీద సముద్రములోనికి బోయి, పొద్దెక్కువేళకు తీరము చేరుకొను జాలరులు చెప్పినవి. దొరగారు బొమ్మలు వ్రాయించెను, కొలతలు తీసెను, రెక్కలలోని ముండ్లను లెక్కించెను. ఆ శ్రమ యతనిదే. దానిని మేము కాదనము. కాని యీ చేప వేరు, ఆ చేప వేరు అని మొదట విడదీసి చూచిన కన్ను జాలరిది.

ఆ విడదీయుటలోని పద్ధతిని గమనింపుడు. జాలరి చందువ యని యొక పేరు చెప్పి, దానిలో తెల్లచందువ, నల్లచందువ యని భేదము చూపెను. ఒక నామవాచకము, దానికొక విశేషణము. స్వీడనుదేశపు లిన్నెయసు పండితుడు వృక్షములకు 1753లోను, జంతువులకు 1758లోను రెండేసిమాటల పేరులు పెట్టు పద్ధతిని స్థిరపరచి జగత్ప్రఖ్యాతి గాంచెను. లిన్నెయసు పేరైనను విననివాడు గంగమ్మతల్లికి మ్రొక్కి సముద్రములో దిగి, యిట్టి పద్ధతినే యనుసరించుచుండెను. ఇందువలన జాలరి లిన్నెయసుతో సమానుడని మేము చెప్పుట లేదు. లిన్నెయసు సకలలోకపు జీవులను ఒక్క పట్టికలో నిముడ్ప యత్నించెను. జాలరి తన సముద్రమును మాత్రమే యెఱుగును. తెల్లచందువయు నల్లచందువయు వేర్వేరు కుటుంబములకు చెందినవని నేటి శాస్త్రము చెప్పుచున్నది; జాలరి వానిని ఒక్కయింటివారినిగా నెంచెను. అతడు చూచినది ఆకారమును, రుచిని, అంగడిలో పలుకు వెలను. అయినను చూచుట చూచుటయే. చూడనివానికి పొరబడు నవకాశమైనను ఉండదు.

మఱియొక చేపను గూర్చి చెప్పవలెను. ఆ గ్రంథమున తిమ్మిరి, నల్లతిమ్మిరి యను పేరులతో రెండు చేపలున్నవి. ఇవి చేతితో ముట్టిన వానికి దెబ్బకొట్టినట్లు చేయి మొద్దుబారజేయును. ఈ దెబ్బకు కారణమేమో తెలియక ఐరోపాపండితులు చిరకాలము తర్కించిరి. 1772లో జాన్ వాల్షు అను నాతడు ఫ్రాన్సుతీరమున ప్రయోగములు చేసి, యిది విద్యుచ్ఛక్తియే యని చాటెను. ఈ వాల్షు చెన్నపట్టణపు కోటలో జన్మించినవాడు; క్లైవునకు ఆంతరంగిక కార్యదర్శిగా నుండినవాడు. మన జాలరికి విద్యుచ్ఛక్తి సంగతి తెలియదు. కాని చేప చేయు పనిని చేతితో ననుభవించి, దానికి తగిన పేరును తన భాషలో పెట్టుకొనెను. తిమ్మిరి యను నా యొక్కమాటలో పరిశీలనము, ఫలితము, హెచ్చరిక మూడును ఉన్నవి. తండ్రి కొడుకునకు పేరు చెప్పినచో జాగ్రత్తయు చెప్పినట్లే.

పాముల గ్రంథము ఇంతకంటెను ఆశ్చర్యకరమైనది. తీరప్రాంతమున పాముకాటువలన సైనికులును ప్రజలును చనిపోవుచుండగా, ఏపాము విషముగలది, ఏది లేనిది తేల్చుటకై రస్సెల్ పూనుకొనెను. పాములు పట్టితెచ్చిన వారు ఈదేశీయులే. జెర్రిపోతు, పసరికపాము, పెద్దపొడ యను పేరులు మన పొలములలో నేటికిని వినబడునవే. అవి యన్నియు నందు గలవు. నలుపు పసుపు పట్టెలుగల పామునొకదానిని బంగారుపా మని వ్రాసెను. ఆ మాటనుండియే 1803లో ఫ్రెంచిపండితుడు దోదెన్ “బుంగారుస్” అను జాతినామమును కల్పించెను. మన కట్లపామును నేడు లోకమంతయు నా జాతిలోనే చేర్చుచున్నది. తెనుగువారి బంగారము లాటినులోనికి ఎక్కుట పాముమూలమున జరిగినది!

రక్తపింజరకు అతడు వ్రాసికొన్న తెనుగుపేరు కాటుకరేకులపొడ. ఆ పామును జూచినవారు ఈ పేరులోని సొగసును గ్రహింపగలరు. దాని వీపున గోధుమవన్నె మచ్చలు వరుసలుగా నుండును. ఒక్కొక్క మచ్చచుట్టును నల్లని అంచుండును. కాటుక దిద్దిన కన్నువలె, పూవు రేకువలె కనబడును. ప్రాణము తీయగల పామునెదుట నిలిచి, దాని వీపుపై రేకులను, కాటుకను చూడగలిగినవాడు సామాన్యుడా? అతడెవ్వడో మనకు తెలియదు. ఆ పాము మాత్రము ఇంగ్లీషులో రస్సెలుగారి పాముగా ప్రసిద్ధి చెందినది. శాస్త్రీయనామమునను రస్సెలే నిలిచియున్నాడు. పేరుపెట్టిన తెనుగువాడు మాయమై, పేరును వ్రాసికొన్న దొర పాముపేరైనాడు.

ఇక త్రాచుపాముల మాట. పాములవాండ్రు దొరగారికి ఒక్క త్రాచును చూపి యూరకుండలేదు. గోధుమనాగు, జొన్ననాగు, అరికెనాగు, మల్లెనాగు, మొగలినాగు, చింతనాగు, శంఖునాగు అని పెక్కుభేదములు చెప్పిరి. చేనిలోని గింజలు, పెరటిలోని పూవులు పాములకు పేరులైనవి. వన్నెలోని కొద్దిపాటి తేడానుగూడ వారి కన్ను వదలలేదు. రస్సెల్ వీనినన్నిటిని పరీక్షించి, ఇవి వేర్వేరు జాతులు కావనియు, ఒక్కజాతిలోని వన్నెభేదములనియు నిర్ణయించెను. ఇక్కడ దొరయే గెలిచెను. పాములవాని కన్ను సూక్ష్మమైనది. కాని కోసి లోపల చూచుట, కుక్కలకును కోళ్ళకును కాటువేయించి ఫలితమును వ్రాసియుంచుట అతని పద్ధతి కాదు. మన పాములవాండ్ర మంత్రములను మేము సమర్థింపము. పాము పాలు త్రాగునని నేటికిని నమ్మువారిని చూచుచునే యున్నాము. గొప్ప చెప్పుకొనుటకై అబద్ధమాడినచో నిజమునకును విలువ పోవును. ఇద్దరు కలసిన పిమ్మటనే జ్ఞానము పూర్తియైనదనుట న్యాయము. కలసి చేసిన పనికి ఒక్కని పేరే మిగులుట యన్యాయము.

విశాఖపట్టణము దూరమనువారికి మన రేపల్లె తీరమునే చూపుదుము. నేడు బాపట్ల జిల్లాలో చేరియున్న నిజాంపట్టణము పూర్వము పెద్దపల్లి. ఐరోపావర్తకులు దానిని పేటపోలి యని పిలిచిరి. 1606లో డచ్చివారును, 1611లో హిప్పన్ అను నాయకుని క్రింద “గ్లోబు” అను ఓడలో వచ్చిన ఇంగ్లీషువారును అక్కడ వర్తకము ప్రారంభించిరి. మిరియాలు దొరకని యీ ఇసుకతీరమునకు సప్తసముద్రములు దాటి వారు వచ్చుటకు కారణమేమి? అద్దకపు వస్త్రములు. ఆ వస్త్రముల యెఱ్ఱరంగునకు మూలము చిరివేరు. పేటపోలి చిరివేరు శ్రేష్ఠమైనదని యా కాలపు వర్తకులు వ్రాసియున్నారు.

చిరివేరు చూచుటకు గడ్డిపోచవంటి మొక్క. సముద్రతీరపు టిసుకనేలలో దానంతట నదియే మొలచును; పైరుగను వేయుదురు. వేరు సన్నమై పొడవుగా నేలలోనికి దిగును. రంగంతయు వేరు పట్టలో నుండును. సాగుచేసిన దానికంటె తనంతట మొలచిన దానియందే రంగు హెచ్చని అద్దకపువారు చెప్పుచుండిరి. తీరపుమన్నులో గుల్లలు చితికి కలసియుండును. అందలి సున్నపుటంశము, పటికయు కలిసినప్పుడే యీ జాతి రంగు నిగ్గుదేలునని నేటి రసాయనశాస్త్రము చెప్పుచున్నది. అద్దకపువానికి రసాయనశాస్త్రము లేదు. ఏనేల వేరు ఎట్టి ఎఱుపు నిచ్చునో, ఏ నీటిలో నుతికిన నా ఎఱుపు నిలుచునో యతడు తరతరములుగా పరీక్షించి తెలిసికొనెను.

ఆ పరీక్షయొక్క లోతును తెలియవలెనన్న అద్దకపుపనిని కొంచెము వివరింపవలెను. గుడ్డను మొదట చలువచేయుదురు. పిమ్మట కరక్కాయరసమును గేదెపాలును కలిపి అందులో తడిపి యెండబెట్టుదురు. పాలలోని క్రొవ్వువలన, కలముతో గీచిన గీత చెదరి ప్రాకిపోదు. కరక్కాయలోని వగరు రంగును నూలునకు అంటించును. ఇనుపముక్కలను బెల్లపునీటిలో పులియబెట్టి చేసిన కసీమును తగిలించినచోట నలుపగును. ఎఱుపు కావలసినచోట పటికనీటితో అద్దుదురు. అప్పటికి గుడ్డపై ఎఱుపు జాడయే కానరాదు. తరువాత చిరివేరుపొడి వేసిన నీటిలో నుడికింపగా, పటిక తగిలినచోటులన్నియు ఎఱ్ఱగా తేలివచ్చును. తగులనిచోటులలో అంటిన మరక యుదుకులకును ఎండకును పోవును. కంటికి కనబడని దానితో బొమ్మ వ్రాసి, కాగులో కనబడునట్లు చేయు విద్య యిది. దీనిని గ్రుడ్డివానిచేతి రాయి యనగలమా? ఎన్ని కాగులు చెడి, ఎన్ని గుడ్డలు పాడై, ఎందరు తండ్రులు కొడుకులను కసరికొన్న పిదప నీ క్రమము కుదిరియుండును!

ఈ రహస్యమును తెలిసికొనుటకు ఐరోపావారు పడిన పాట్లు చరిత్రప్రసిద్ధములు. కోర్దూ అను ఫ్రెంచి క్రైస్తవగురువు తెనుగును బాగుగ నేర్చినవాడు. 1742లో నతడు, తన మతమున గలసిన అద్దకపువారిని అడిగి తెలిసికొన్న పని క్రమమును పూసగ్రుచ్చినట్లు లేఖగా వ్రాసి స్వదేశమునకు పంపెను. ఆ లేఖ ముద్రితమై ఫ్రాన్సుదేశపు అద్దకపు పరిశ్రమవారికి పాఠ్యమైనది. తమ గురువని నమ్మి చెప్పినవారి పేరు లా లేఖవలన లోకమునకు తెలియలేదు. తరువాత విలియం రాక్స్‌బరో అను వైద్యుడు 1781 మొదలు 1793 వరకు సామర్లకోటలో నుండి, తోట పెంచి, తీరపుమొక్కలను పరిశీలించెను. 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా వెలువడిన అతని కోరమాండలు మొక్కల గ్రంథమున 300 చిత్రపటము లున్నవి. మొదటి సంపుటములోనే చిరివేరును, దానితో రంగుపోయు విధమును వివరించెను. జ్వరమునకు మన పల్లెలవారు వాడు సోమిదచెట్టును గూర్చియు వ్రాసెను. ఆ చెట్టు జాతికి నేడున్న “సోయ్‌మిడా” యను శాస్త్రీయనామము తెనుగు సోమిదయే. ఆ పటములు వ్రాసిన చిత్రకారులు ఈదేశీయులు. ఆకు ఈనెలను, పూవు పుప్పొడిని వారు వ్రాసిన తీరు చూచిన, ఇది వట్టి కూలిపని యని యెవ్వడును అనజాలడు. గ్రంథపు ముఖపత్రమున రాక్స్‌బరోగారి పేరున్నది. వారి పేరులు లేవు.

కుంఫిణీవారు ఇదంతయు జ్ఞానదాహముచేత చేయించిరని తలచుట వెఱ్ఱితనము. ఏ వేరు అమ్మవచ్చును, ఏ పట్ట కొనకుండ గడపవచ్చును, ఏ నీలిమందు లాభకరము అని వారు లెక్కించిరి. దక్షిణ అమెరికానుండి తెప్పించు జ్వరపుపట్టకు బదులుగా సోమిదపట్ట పనికివచ్చునా యను నాసక్తి యట్టిదే. అయినను వ్రాసినవారు వ్రాసిరి. వ్రాయనివారము మనము.

ఇట్టిది మనకే జరిగినదని రోషపడనక్కరలేదు. ఇంగ్లీషువారి రాజధానిలోను జరిగినది. ఎలిజబెత్తు రాణికాలమున లండనులోని లైమువీథిలో మందులవర్తకుడు జేమ్స్ గారెట్, పట్టువర్తకుడు జేమ్స్ కోల్, వైద్యుడు లోబెల్ మొదలగువారు నివసించుచుండిరి. వీరిలో ననేకులు ఫ్లాండర్సునుండి వచ్చిన కుటుంబములవారు. పెరటితోటలలో అరుదైన మొక్కలు పెంచుచు, పురుగులను, శిలలను సేకరించుచు, విత్తనములును లేఖలును ఐరోపాఖండమంతట నంపుకొనుచు వారొక విద్యాగోష్ఠిని నడపిరి. 1597లో జాన్ జెరార్డ్ అను నతడు మొక్కల మహాగ్రంథమును తన పేర వెలయించెను. అందులో నధికభాగ మితరుల కృషి. తప్పులున్నవని గారెట్ ప్రచురణకర్తను హెచ్చరింపగా, దిద్దుటకు లోబెలును నియమించిరి. జెరార్డు ఓర్వలేక ఆ దిద్దుబాటు నాపించెను. కీర్తి జెరార్డునకు దక్కినది, లైమువీథి మఱపునబడినది.

కాని యొక భేదమున్నది. లైమువీథివారు లేఖలు వ్రాసిరి. వారి మిత్రుడు క్లూసియసు పండితుడు వానిని దాచెను. నాలుగు శతాబ్దులు గడచిన పిదప, 2007లో, డెబొరా హార్క్‌నెస్ అను అమెరికా చరిత్రకారిణి అట్టి లేఖలు మున్నగు ఆధారములతో ఆ వీథివారిని పేరుపేరున మరల వెలికిదీసి గ్రంథము వ్రాసెను. మన జాలరిని ఏ చరిత్రకారుడు వెలికిదీయగలడు? అతనికి వ్రాత రాదు. వ్రాత వచ్చినవారు అతని గుడిసె కేసి చూడలేదు. ఆ కాలమున విశాఖపట్టణములో పండితులు లేరా? సామర్లకోట దాపున పిఠాపురము, పెద్దాపురము సంస్థానములు లేవా? శాస్త్రచర్చలు, అవధానములు, సన్మానములు జరుగుచునే యుండెను. చేపలమ్మువానిని పిలిచి “నాయనా, దీని పేరేమి? ఏ ఋతువున వచ్చును? ఎక్కడ గ్రుడ్లు పెట్టును?” అని యడిగి తాటాకున వ్రాసికొన్నవాని గ్రంథ మొక్కటియైనను మా చేతికి రాలేదు. పరదేశపు వైద్యుడు వచ్చి యడిగెను.

దోషము మనదని యొప్పుకొనుటకు మేము సంకోచింపము. చేతితో పనిచేయువానికి విద్య లేదనియు, విద్యగలవాడు చేయి తడుపుకొనగూడదనియు మనము గీచుకొన్న గీత యీ నష్టమునకు మూలము. అంటరాదని దూరముగ నుంచినవానినుండి నేర్చుకొనుట యెట్లు? మేము బాల్యమున అమరకోశము వల్లించితిమి. అందు చేపల పర్యాయపదములు నేర్చితిమి. మా యింటి ముంగిట చేపలు తెచ్చిన వానిని ఒక్క ప్రశ్నయైనను అడిగినట్లు జ్ఞప్తికి రాదు. పిదప ఇంగ్లీషుచదువు వచ్చెను. పుస్తకము మారినది గాని చూపు మారలేదు. నందివెలుగు దారిలో మా చిన్నవాడు చేసిన తప్పునకు మేమే గురువులము.

దీనివలన ఇప్పుడు కలుగు నష్టమేమని యడుగువా రుండవచ్చును. పేరు పోయిన పిమ్మట వస్తువు పోవుట ఆలస్యము కాదు; వస్తువు పోయినచో పేరు నిలువదు. 1868లో జర్మనీదేశపు రసాయనశాస్త్రజ్ఞులు గ్రేబె, లీబర్మన్ అనువారు చిరివేరు మొదలగు వేళ్ళలోని ఎఱుపునకు మూలమైన పదార్థమును ప్రయోగశాలలో తయారుచేసిరి. కొలదికాలములోనే కర్మాగారపు రంగు అంగళ్ళ కెక్కెను. చిరివేరు త్రవ్వువాని బ్రతుకు పోయెను. బందరు, పెడన ప్రాంతములలో అద్దకము నేటికిని జీవించియున్నది. బందరు కలంకారీకి భౌగోళికగుర్తింపును లభించినది. అది మన యదృష్టము. కాని నిజాంపట్టణపు ఇసుకలో చిరివేరును గుర్తుపట్టి చూపగలవారు నేడెందరు? ఒకనాడు ఓడలను రప్పించిన మొక్క నేడు కాలిక్రింద గడ్డి. వరివంగడముల గతియు నిట్టిదే. అక్కుళ్ళు, కృష్ణకాటుకలు అను పేరులు చెప్పి, గింజను చేతబట్టి వాని గుణదోషములు వర్ణింపగల వృద్ధకర్షకులు తెనుగునేలను నానాటికి తఱుగుచున్నారు. కృష్ణకాటుక యని వడ్లకు పేరుపెట్టిన కన్నును, కాటుకరేకులపొడ యని పామునకు పేరుపెట్టిన కన్నును ఒక్కటియే. ఆ కన్ను మూతపడక ముందే అది చూచినదానిని వ్రాసికొనవలదా?

ఇది వట్టి భావావేశముగాక కార్యరూపము దాల్చుటకు మార్గ మున్నది. 2002నాటి జీవవైవిధ్యశాసనము ప్రకారము ప్రతి స్థానికసంస్థయు నొక జీవవైవిధ్య యాజమాన్య సంఘము నేర్పరచుకొని, తమ ప్రాంతపు మొక్కలను, జంతువులను, వానిని గూర్చి ప్రజలకున్న జ్ఞానమును ఒక పుస్తకమున నమోదు చేయవలెను. ఆ జ్ఞానమువలన పరులు లాభము పొందినచో స్థానికులకు న్యాయమైన భాగము చెందవలెననియు శాసనమున నున్నది. రస్సెల్, రాక్స్‌బరోలకు చెప్పినవారికి లేని హక్కు నేడు చెప్పువానికి కలదు. కాని నమోదు కాని హక్కు నీటిపై వ్రాత. కచ్చేరీలో కూర్చుండి ఎచ్చటనో ముద్రితమైన జాబితాను ఎత్తివ్రాసిన పుస్తకము పుస్తకము కాదు. అందులో చెప్పినవాని పేరు, ఊరు, చెప్పిన దినము ఉండవలెను.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములందలి భూస్వాములకును పట్టణవాసులకును మా మనవి యిది. పంచాయతీలలో మీ మాట చెల్లును. పాఠశాలల యాజమాన్యములతో మీకు సంబంధము కలదు. బాపట్లలో 1945నుండి వ్యవసాయకళాశాల యున్నది. విద్యావంతులైన యువకులకు కొదవలేదు. ప్రతి గ్రామపాఠశాలలో పెద్ద విద్యార్థులకు ఒక్కొక్క పుస్తకమిచ్చి, సెలవుదినములలో మీ పాలేళ్ళయొద్దకు, చేపలు పట్టువారియొద్దకు, పసరుమందులు నూరు ముసలమ్మలయొద్దకు పంపుడు. ఒక చేప, ఒక కలుపుమొక్క, ఒక పురుగు, ఒక పక్షి. దాని పేరేమి, ఎప్పుడు కనబడును, దేనికి పనికివచ్చును, దేనికి చేటు. బొమ్మ వేయగలవాడు బొమ్మ వేయవలెను. శాస్త్రీయనామమును ఉపాధ్యాయుడు ప్రక్కన చేర్చవలెను. చెప్పినదానిలో తప్పున్న తప్పని వ్రాయవలెను. చెప్పినవానిని మాత్రము చులకన చేయరాదు. రొయ్యలచెరువులు వ్యాపించి రూపుమారుచున్న తీరమున ఈ పని రేపటికి వాయిదా వేయదగినది కాదు. చెప్పగలవారు ఎనుబదియవ యేట నున్నారు.

ఈ పనికి ఖర్చు స్వల్పము. కావలసినది తల వంచి యడుగగల వినయము. అది మన చదువుకొన్నవారికి కష్టమని మేమెఱుగుదుము; మాకును కష్టముగనే యున్నది.

నందివెలుగునుండి మరలివచ్చుచు మేము మరల నా వృద్ధురాలియొద్ద ఆగితిమి. మా చిన్నవాడు జేబులోనుండి పుస్తకము దీసి, గంపలో మిగిలిన చిన్నచేపల పేరు లొక్కొక్కటిగా నడిగి వ్రాసికొనెను. ఆమె ఏడు పేరులు చెప్పెను. అందు నాలుగు మాకును తెలియవు. వ్రాయుట ముగించి లేవబోవుచుండగా మేమతనిని ఆపి, “నీ వొకటి మఱచితివి, ఆమె పేరడిగి వ్రాసికొనుము” అని చెప్పితిమి. చిన్నవాడు అడిగెను. ఆమె మొదట నమ్మలేదు. “నా పేరెందుకు బాబూ?” అనెను. రెండవమాఱు అడిగినపిమ్మట చెప్పెను. ఆ పుస్తకమున చేపల పేరులకు పైన, మొదటి పంక్తిలో, ఆమె పేరున్నది.